మార్కుల వెనక మనసు



విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు చేరిన ఓ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. కోచింగ్ సెంటర్లు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, పిల్లలను నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి.

ఇవి కాగితాలకే పరిమితం కాకూడదు. వీక్లీ టెస్ట్ ర్యాంకులు నోటీసు బోర్డుకు అంటించగానే కొందరు పిల్లలు అటువైపు వెళ్లడమే మానేస్తారు. గలగలా మాట్లాడే అమ్మాయి ముభావంగా మారినా, మెస్‌లో కంచం ముందు ఊరికే కూర్చున్నా ముందుగా కనిపెట్టగలిగేది టీచర్లూ వార్డెన్లే. అప్పుడు మందలించకండి. పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమ్మా, ఏదైనా ఇబ్బందా?" అని అడగండి. చెప్పేదంతా వినండి. కౌన్సెలర్ దగ్గరికి మీరే వెంటబెట్టుకు వెళ్లండి.

మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి తరగతి గదిలో, హాస్టల్లో కనబడాలి.

తల్లిదండ్రులారా, ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు కౌన్సెలర్ ఎవరో కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది.