నోటు పుస్తకం చివరి పేజీలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్ళుగా వంతెనలు కడుతున్నవాణ్ణి, వాటి గురించే చెబుతాననుకుంటున్నారేమో. ఇవాళ ఒక గాయని గురించి చెబుతాను. మా అమ్మాయి పరిచయం చేసింది. పేరు బీబడూబీ. నవ్వకండి, మొదట నేనూ నవ్వాను.

అసలు పేరు బియాట్రిస్ లావుస్. 2000లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో పుట్టి, మూడేళ్ళప్పుడు తల్లిదండ్రులతో లండన్ చేరింది. పదిహేడేళ్ళ వయసులో బడి నుంచి పంపేశారు. దిగులుగా ఉన్న కూతురికి తండ్రి ఒక పాత గిటార్ కొనిచ్చాడు. యూట్యూబ్ చూసి నేర్చుకుంది. 2017లో ‘కాఫీ’ అనే పాట కట్టింది. ఇష్టమైన మనిషికి కాఫీ కలిపిస్తానన్నంత చిన్న సంగతి. కెనడా గాయకుడు పౌఫూ తన పాటలో దాన్ని వాడుకోవడంతో 2020లో ప్రపంచమంతా మోగింది.

ఈ తరహాను ఇండీ పాప్ అంటున్నారు. హంగులు తక్కువ. మొదటి పూర్తి ఆల్బమ్ ‘ఫేక్ ఇట్ ఫ్లవర్స్’లో చిన్ననాటి గాయాలనూ, తనను తాను హింసించుకున్న రోజులనూ దాచకుండా పాడింది.

నన్ను కదిలించింది 2022లో వచ్చిన ‘బేయటోపియా’. ఏడేళ్ళ వయసులో తను ఊహించుకున్న లోకం పేరది. ఆ లోకాన్ని బొమ్మ గీస్తే క్లాసులో నవ్వులపాలైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాని ఊసెత్తలేదు.

ఈ కథ చెప్పి మా అమ్మాయి ఊరుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తను ఎనిమిదో తరగతిలో ఉండగా లెక్కల నోటు పుస్తకం చివరి పేజీల్లో పాటలు రాసుకునేది. ఒక సంక్రాంతికి చుట్టాలంతా ఉండగా నేనే ఆ పుస్తకం తీసి గట్టిగా చదివాను. అందరం నవ్వాం. తనూ నవ్వింది. ఆ పుస్తకం మళ్ళీ నా కంట పడలేదు.

ఇదే బడిలో మా తెలుగు మాస్టారికి నా పద్యం కాగితం దొరికితే, మడతపెట్టి నా జేబులో పెట్టేశారు. ఒక్క మాట అనలేదు. అంతటి పాఠం నేర్చుకుని కూడా ఇంట్లో మరిచాను.

2024లో వచ్చిన ‘దిస్ ఈజ్ హౌ టుమారో మూవ్స్’ బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. అందులో ఆమె ఇతరుల మీద నెట్టకుండా తన వంతు తప్పు తాను ఒప్పుకుంటుంది. కాంక్రీటులో పగులు కనిపిస్తే మేం సిమెంటు పూసి కప్పెయ్యం. గాజుముక్క అతికించి తేదీ రాస్తాం. పగులు పెరిగితే గాజు విరుగుతుంది, తెలుస్తుంది. ఆ పాటలు వింటే నాకు అదే గుర్తొచ్చింది.

పోయిన నెల అమ్మాయికి ఫోన్ చేసి, “అమ్మా, ఆ పండగనాడు నేను చేసింది తప్పు” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. “నీకు గుర్తుందా నాన్నా?” అంది. ఇప్పుడేమైనా రాస్తున్నావా అని అడగబోయి ఆగాను. చూపించాలనిపిస్తే తనే చూపిస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ బడిలో ఇవాళ కూడా ఏదో వెనక బెంచీలో ఒక పిల్లో పిల్లాడో చివరి పేజీలు నింపుతూ ఉంటారు. ఆ పుస్తకం మీ చేతికొస్తే “చూడనా?” అని అడగండి. వద్దంటే మూసి ఇచ్చెయ్యండి, మా మాస్టారిలాగా.

సెలవు.