ప్రయాణంలో పాట – హెడ్‌ఫోన్ల ఎంపిక
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడినవారు లైఫ్ సర్టిఫికెట్ గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పారు. అవి మనందరికీ కావలసిన సంగతులు. వాటి తరువాత నేను లేచి పాటలు వినే పరికరం గురించి చెబుతానంటే, ఈయనకు ఇంకేమీ దొరకలేదా అని కొందరికి అనిపించవచ్చు. కాని ఉద్యోగ విరమణ తరువాత మనం చేసే పని ఏమిటి? పిల్లలున్న ఊళ్లకు రైలెక్కడం, దిగడం. ఆ ప్రయాణాల్లో ఒక పాట వినాలనుకునేవారు ఈ హాలులో సగం మందైనా ఉన్నారు. కొనేటప్పుడు నేను చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండాలని ఈ నాలుగు మాటలు.

నేను ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరినవాడిని. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు కాల్స్ కాలం. ఎనిమిది గంటలూ ఒక చెవికి రిసీవరు తగిలించుకుని కూర్చునేవాళ్లం. రెండో చెవి సూపర్‌వైజరుగారిది. ఆ ఒక చెవి సంగతి చివర్లో మళ్లీ చెబుతాను. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లను 1910లో అక్కడి నౌకాదళానికి పంపాడట. మొదట అవి మా వంటి టెలిఫోను, వైర్‌లెస్ వాళ్ల పనిముట్లు. పాటల కోసం రెండు చెవులకూ స్టీరియోగా పెట్టుకోవడం 1958లో జాన్ కాస్‌తో మొదలైంది. 1979లో వాక్‌మన్ వచ్చాక అవి వీధిలోకి వచ్చాయి. స్పాంజి బిళ్లలతో ఉన్న ఆ పల్చటి హెడ్‌ఫోన్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అవి తెరిచిన రకం. మీ పాట పక్కవాడికి వినబడుతుంది, పక్కవాడి మాట మీకు వినబడుతుంది.

మూసిన రకం అంటే చెవి మీద కూర్చునే గిన్నెకు వెనుక వైపు రంధ్రాలు ఉండవు. లోపల కదిలే పల్చటి పొర వెనుకకు పంపే శబ్దం బయటికి పోదు, బయటి శబ్దం అంత సులువుగా లోపలికి రాదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని వినేవారికి తెరిచిన రకమే హాయి, పాట గదిలో విశాలంగా ఉన్నట్లుంటుంది. మూసినదానిని సరిగా తయారుచేయకపోతే బానలో తలపెట్టి పాడినట్లు ఉంటుంది. అయినా రైలుకు, విమానానికి మూసినదే కావాలి. మన పాటతో తోటి ప్రయాణికుల నిద్ర చెడగొట్టకూడదన్నది ఒక కారణం. రాత్రి 10 దాటాక బోగీలో బిగ్గరగా పాటలు పెట్టకూడదని 2022లో రైల్వేవారు గట్టిగా చెప్పారు కూడా. అంతకంటె పెద్ద కారణం మన చెవి.

అదెలాగో చెబుతాను. రైలు రొద ఎంత ఉంటే, పాట వినబడాలని మనం దానికంటె పైకి వాల్యూమ్ పెంచుతాం. రొద తగ్గితే పాట కూడా తక్కువలోనే సరిపోతుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల కంటె ఎక్కువ వినరాదని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100కు చేరితే పావుగంట. పాటలు వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా జాగ్రత్తగా, 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు అన్నది. మనకు ఇప్పటికే సన్నని ధ్వనులు తగ్గాయి. నా ఆడియోగ్రామ్ చూపించి డాక్టరుగారు, "ఎడమ చెవి ఇక్కడి నుంచి జారిపోయింది" అని వేలితో గీత వెంట చూపించారు. కొండ దిగుతున్న రోడ్డులా ఉంది. పోయిన చెవి తిరిగి రాదు కదా, ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

ఇక రొదలో రెండు రకాలున్నాయి. ఈ తేడా తెలియక నేను డబ్బు పోగొట్టుకున్నాను. పిల్లల ఏడుపు, గిన్నెల చప్పుడు, పక్క బెర్తు కబుర్లు పై స్థాయి ధ్వనులు. వీటిని మందపాటి మెత్త ఉన్న మామూలు మూసిన హెడ్‌ఫోను చాలావరకు తగ్గిస్తుంది. చక్రాల కింద ఎడతెగకుండా వచ్చే గుమగుమ, ఎ.సి. హోరు, విమానం ఇంజను మోత కింది స్థాయివి. ఇవి మెత్తను దాటి వచ్చేస్తాయి. వీటికి నాయిస్ క్యాన్సిలింగు కావాలి. లోపలి మైకు బయటి మోతను పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు అలను పుట్టించి రెంటినీ కొట్టివేస్తుంది. దీన్ని ప్రయాణికులదాకా తెచ్చినవారిలో ముఖ్యుడు అమర్ బోస్ అనే ప్రొఫెసరు. ఆయన తండ్రి బెంగాలు నుంచి అమెరికా వెళ్లినవారు. 1978లో విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఇంజను మోతలో పాట వినబడక, ఆ సీట్లోనే కాగితం తీసి లెక్కలు వేసుకున్నారట. ఆయన కంపెనీ నుంచి పైలట్ల కోసం 1989లోనూ, మనవంటి ప్రయాణికుల కోసం 2000లోనూ అవి బజారులోకి వచ్చాయి.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. మా షష్టిపూర్తి అయిన కొన్నేళ్లకు నాకు అటువంటిదే ఒకటి కొనిచ్చాడు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు దానిది కాదు. తీగలేదు, బటను నొక్కగానే రైలు ఆగిపోయినట్లే అనిపించింది. తంబూర శ్రుతి అంత స్పష్టంగా నేను ఇంట్లో కూడా వినలేదు. విశాఖ నుంచి బెంగుళూరు పోతున్నాం. మా ఇద్దరివీ ఎదురెదురు కింది బెర్తులు. మా ఆవిడకు షుగరు ఉన్నది. ఆ రాత్రి మాత్ర వేసుకుని, ఆకలి లేదని రెండు ఇడ్లీలు తిని పడుకుంది. నేను వీణ పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపయిందో తెలియదు. ఎవరో భుజం పట్టి గట్టిగా కుదిపారు. మధ్య బెర్తులో ఉన్న కాలేజీ అమ్మాయి. "తాతగారూ, మామ్మగారు పిలుస్తున్నారు, మీరు పలకడం లేదు" అన్నది. చూస్తే ఆవిడకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తున్నది. షుగరు పడిపోయింది. సంచిలో గ్లూకోజు ఉన్నది కాబట్టి సరిపోయింది. ఆ పిల్లే నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు తేరుకుంది. ఎన్నిసార్లు పిలిచావంటే, "అయిదారుసార్లు పిలిచానండీ. మూడడుగుల దూరంలో ఉన్నారు కదా అని చేయి కూడా చాపాను" అన్నది. తెల్లవారాక ఇంకో మాట అన్నది, "పిలిస్తే పలకని మనిషి పక్కన ఉంటేనేం, ఊళ్లో ఉంటేనేం." ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు నేను. ధర్మవరంలో దిగిపోయింది.

ఆరు నెలలు ఆ హెడ్‌ఫోను డబ్బాలోనే ఉన్నది. తరువాత తీశాను. పాట మానుకోవడం కాదు చేయవలసింది, ఎలా వినాలో తేల్చుకోవడం అనిపించింది. అప్పటినుంచి దుకాణాలు తిరిగాను.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ ఫోను, మీకు బాగా తెలిసిన పాట, మీరు రోజూ పెట్టుకునే కళ్లజోడు తీసుకెళ్లండి. వాళ్లు వినిపించే డమడమ పాట వినవద్దు, దానిమీద ఏదైనా బాగానే ఉంటుంది. నేను మూడు వింటాను. మొదట తంబూర: నాలుగు తీగలూ విడివిడిగా ఉండి, మళ్లీ ఒకటిగా కలవాలి. తరువాత మృదంగం ఎడమ వైపు: ఆ గుంకీ గుండ్రంగా రావాలి, ఉబ్బకూడదు. మూడోది నాదస్వరం. చౌకరకం పై స్థాయిలో పదునుగా ఉంటే నాదస్వరం చెవిలో సూదిలా గుచ్చుతుంది. ఈమని శంకరశాస్త్రిగారి వీణలో గమకం ఆఖరిదాకా వినబడితే ఇంక ఆ హెడ్‌ఫోనుకు వేరే పరీక్ష అక్కరలేదు. ఘంటసాలవారి పాత పాటలు మాత్రం పరీక్షకు పనికిరావు. అవి మోనోలో రికార్డయినవి. ఎంత ఖరీదైనది పెట్టినా పాటతో పాటు పాత రికార్డు గరగర కూడా బాగా వినబడుతుంది, అంతే.

కళ్లజోడు ఎందుకన్నానంటే, దాని కాడ మెత్త కింద సందు చేస్తుంది. సందు ఉంటే కింది స్థాయి ధ్వని కారిపోతుంది, బయటి మోత లోపలికి వస్తుంది. లావు కాడల జోడు ఉన్నవారు పెట్టుకుని, ఆ కాడను కొంచెం ఎత్తి దించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. పావుగంట తలమీద ఉంచుకోనివ్వమని అడగండి. రెండు నిమిషాల్లో హాయిగా ఉన్నది పావుగంటకు నెత్తిమీద రోకలిలా అవుతుంది. 250 గ్రాములు దాటితే మన మెడలకు ఆలోచించాలి. మెత్తలు విడిగా దొరుకుతాయా అని తప్పక అడగండి. కోస్తా ఉక్కకు, చెమటకు ఆ నకిలీ తోలు కొన్నాళ్లకు పొరలు పొరలుగా రాలిపోతుంది. మెత్త దొరకకపోతే మొత్తం పారేయాలి.

తీగ ఉన్నదా లేనిదా అని అడుగుతారు. బ్యాటరీ బెంగ లేదు కాబట్టి నాకు తీగే ఇష్టం. కాని 2016లో ఐఫోను 7 నుంచి తీసేసినట్లు చాలా ఫోన్లలో ఆ గుండ్రటి రంధ్రం లేదు, చిన్న అడాప్టరు కొనుక్కోవాలి. తీగ రకంలో ఓమ్‌లు చూడాలి. ఒకే మోడలు, ఉదాహరణకు బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో, 32, 80, 250 ఓమ్‌లలో వస్తుంది. 250ది స్టూడియో పరికరానికి. ఫోనుకు తగిలిస్తే నీరసంగా పాడుతుంది. స్టూడియోలలో పేరున్న సోనీ ఎండిఆర్ 7506కు మెలికల తీగ ఉంటుంది, సాగదీస్తే 3 మీటర్లు. బెర్తు మీద దానితో కుస్తీ పట్టాలి. మడిచి పెట్టుకోవడం కూడా చూడండి. సోనీవారి ఎక్స్‌ఎం4 మడతపడి చిన్నదవుతుంది, 2022లో వచ్చిన ఎక్స్‌ఎం5 అలా మడతపడదు, 2025లో ఎక్స్‌ఎం6కు మళ్లీ మడత పెట్టారు. తీగలేనివాటిలో బ్యాటరీ ఉంటుంది కాబట్టి విమానంలో వాటిని మీ చేతిసంచిలోనే పెట్టుకోండి.

మన వయసువారికి రెండు హెచ్చరికలు. గుండెకు పేస్‌మేకరో, డీఫిబ్రిలేటరో ఉన్నవారు హెడ్‌ఫోను చెవికి పెట్టుకోవచ్చు, కాని జేబులో పెట్టుకోరాదు, ఛాతీమీద వేలాడదీయరాదు. లోపల అయస్కాంతం ఉన్నది. 3 సెంటీమీటర్ల లోపు వస్తే ఆ యంత్రం తడబడవచ్చని 2008లో బోస్టన్ వైద్యులు పరీక్షించి చెప్పారు. ఇంట్లోవాళ్లు హెడ్‌ఫోనుతో మీ గుండెమీద తల ఆనించి పడుకోవడం కూడా వద్దు. రెండోది, చెవి వెనుక యంత్రం పెట్టుకునేవారు చెవి మొత్తం కప్పే పెద్ద గిన్నె రకమే చూడాలి. చెవిమీద ఆనే చిన్నరకం ఆ యంత్రాన్ని నొక్కి కూతపెట్టిస్తుంది. కొత్త వినికిడి యంత్రాలు కొన్ని ఫోను పాటను నేరుగా అందుకుంటాయి. మీది అటువంటిదైతే అసలు హెడ్‌ఫోను ఖర్చే లేదు, డాక్టరుగారిని అడగండి.

చివరికి నేను కొన్నది సెన్‌హైజర్ హెచ్‌డి 25. 1988 నుంచి ఉన్న మోడలు, మూసిన రకం, తీగ కాక 140 గ్రాములు, 70 ఓమ్‌లు అయినా ఫోనుతో బాగానే పాడుతుంది. ఏ ముక్క పోయినా ఆ ముక్క విడిగా దొరుకుతుంది. లోపం లేదని కాదు. చెవిమీద గట్టిగా నొక్కుతుంది, గంటకొకసారి తీసి చెవి రుద్దుకోవాలి. సున్నితంగా ఉండేవారు కొనవద్దు. ఒక డి.ఆర్. బకాయి మొత్తం దానికే పోయింది.

కొనడానికి కారణం వేరు. దాని ఒక గిన్నె వెనక్కి తిరుగుతుంది. ఒక చెవితో వినేవారి కోసం అలా చేశారు. దుకాణంలో అది తిప్పగానే నాకు ట్రంక్ బోర్డు గుర్తొచ్చింది. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అనేచోట మోనో అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే రెండు వైపుల సంగీతం కలిసి ఒకే చెవికి వస్తుంది. లేకపోతే వయొలిన్ ఒక చెవిలో, మృదంగం ఇంకో చెవిలో ఉండి, సగం కచేరీ పోతుంది. ఒక చెవి తగ్గినవారందరూ ఈ మీట సంగతి గుర్తుపెట్టుకోండి, దీనికి ఖర్చు లేదు.

పగలు, మా ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు, అబ్బాయి ఇచ్చిందే రెండు చెవులకూ పెట్టుకుంటాను. రాత్రి దీపాలు ఆర్పాక హెచ్‌డి 25, ఒక చెవికే. ఏ చెవికి అని మా ఆవిడే అడిగింది. మంచి చెవి పాటకిస్తే పాట బాగుంటుంది. కాని కుడి చెవి ఆవిడకు వదిలేశాను. ఎడమ చెవిలో వీణ కొంచెం మసకగానే వస్తుంది. పోయిన నెల గుంటూరు దాటాక "ఏమండీ" అన్నది. లేచి కూర్చున్నాను. మంచినీళ్లడిగింది.

రెండు హెడ్‌ఫోన్లూ, అడాప్టరూ ఆ టీ బల్ల దగ్గర పెట్టాను. చూడదలచినవారు కళ్లజోడు తీయకుండా పెట్టుకుని చూడండి. పేస్‌మేకరు ఉన్న మిత్రులు తీసి మెడలో వేసుకోవద్దు, బల్లమీదే పెట్టండి.