అక్వేరియంలో ఏ మొక్క బతుకుతుంది?



నా ముందు ఈ బల్లమీద రెండు గాజు తొట్లు ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే బోరు నీరు, ఒకే ఇసుక, ఒకే రకం గప్పీ చేపలు. ఎడమ తొట్టిలో ఎర్రటి ఆకుల మొక్కలు నాలుగు, నిలువుగా నిలబడిన పచ్చని కాడలు రెండు ఉన్నాయి. నిన్ననే దుకాణంలో కొని నాటాను. కుడి తొట్టిలో ఉన్నది చూడడానికి గడ్డి. దాని పక్కన మీ ప్రయోగశాలలో అందరూ చూసిన హైడ్రిల్లా. చూడగానే మీ కళ్ళు ఎడమ తొట్టి మీదికే పోతాయి. నావి కూడా ఒకప్పుడు అలాగే పోయాయి.

ఈరోజు మాట్లాడుకోబోయేది ఖర్చు తక్కువ అక్వేరియం గురించి. దానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉండదు. ఖరీదైన దీపాలు, వారం వారం పోసే ద్రవ ఎరువులు ఉండవు. ఒక తొట్టి, రెండు మూడు అంగుళాల ఇసుక, ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం, కొన్ని చేపలు, అంతే. దీన్నే లో-టెక్ అక్వేరియం అంటున్నారు. ఇందులో ఏ మొక్క పెట్టాలి అని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ముందు ఇంకొక ప్రశ్న ఉంది. మీ నీటిలో ఏముంది?

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసే కళాశాలలో జీవశాస్త్ర ప్రయోగశాల కోసం ఒక తొట్టి ఏర్పాటు చేశాను. దుకాణంలో అందంగా కనిపించిన మొక్కలన్నీ కొన్నాను. మూడు వారాలకు ఎర్ర ఆకులు కింది నుంచి రాలడం మొదలైంది. పచ్చని కాడలు మెత్తబడి వాసన వచ్చాయి. కుళ్ళినవి తీసేద్దాం అనుకుంటూనే పరీక్షల హడావుడిలో వారం గడిపేశాను. ఏప్రిల్ నెలలో ఒక ఉదయం ఏడు గంటలకు గది తలుపు తీస్తే చేపలన్నీ నీటి పైపొర దగ్గర నోళ్ళు తెరిచి ఉన్నాయి. సాయంత్రానికి పదకొండు చేపల్లో రెండే మిగిలాయి. చేపలకు ఏ జబ్బూ రాలేదు. వాటిని చంపింది నేను ఎంచుకున్న మొక్కలు.

ఈ పొరపాటు చేసిన మొదటివాణ్ణి నేను కాను. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను కలిపి పెంచాడు. మొక్క ఇచ్చే ఆక్సిజన్ చేపలకు, చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్కకు సరిపోతాయని అతని ఆలోచన. కొంతకాలం బాగానే నడిచింది. తరువాత పాత ఆకులు కుళ్ళి నీరు మసకబారింది. అప్పుడతను చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకును, గాజుమీద పాచిని తినేశాయి, నీరు తేరుకుంది. అక్వేరియం అనే మాట ఇంగ్లీషులో స్థిరపడడానికి ముందే, అంటే 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ ఆ పేరుతో పుస్తకం వేయడానికి ముందే, అందులోని అసలు చిక్కు బయటపడిందన్నమాట. తొట్టిలో బతికి ఉన్న ఆకు చేపకు మేలు చేస్తుంది, చచ్చిన ఆకు దాని ప్రాణవాయువును లాగేస్తుంది.

అందుకని మొదట చూడవలసింది, మీరు కొనేది అసలు నీటి మొక్కేనా అని. ఎడమ తొట్టిలోని ఈ పచ్చని కాడను చూడండి. దీన్ని లక్కీ బాంబూ అని అమ్ముతారు. ఇది వెదురు కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా. వేళ్ళు నీటిలో, ఆకులు గాలిలో ఉంటే ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఆకులు కూడా మునిగితే కొద్ది వారాల్లో కుళ్ళుతుంది. ఆ పక్కన ఎర్రగా ఉన్నది దక్షిణ అమెరికాకు చెందిన ఆల్టర్నాంథెరా. మనం పప్పులో వేసుకునే పొన్నగంటికూరకు దగ్గరి బంధువు. ఇది నీటిలో బతకగలదు గాని, దానికి గట్టి వెలుతురు, ధారాళంగా కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆ రెండూ మన తొట్టిలో లేవు.

నేలమొక్క ఆకుకు మైనపు పూత, పత్రరంధ్రాలు ఉంటాయి. నీళ్ళలో ఆ పూత అడ్డు, ఆ రంధ్రాలు వృథా. పూర్తిగా మునిగి పెరిగే హైడ్రిల్లా ఆకు మందం రెండు కణాల పొరలు మాత్రమే. అందుకే దాన్ని నీటిలోంచి పైకి తీస్తే తడి గుడ్డలా వాలిపోతుంది. దుకాణంలో మొక్కను పైకెత్తి చూడండి. నిటారుగా నిలిస్తే అనుమానించండి. ఈ పరీక్ష అన్నిటికీ పనికిరాదు. అనూబియాస్ వంటి కొన్ని గట్టి ఆకుల మొక్కలు గాలిలోనూ నీటిలోనూ బతుకుతాయి. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు పేరు అడిగి, మొక్కల పుస్తకంలో చూసుకోవడం తప్పదు.

ఇక అసలు విషయం కార్బన్. గాలితో సమతుల్యంలో ఉన్న 25 డిగ్రీల నీటిలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాములు. సిలిండరు పెట్టిన ఖరీదైన అక్వేరియంలలో దీన్ని 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా పెంచుతారు. పైగా నీటిలో ఈ వాయువు గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా విస్తరిస్తుంది. ఆకు తన చుట్టూ ఉన్న పలుచని నీటిపొరలోని కార్బన్‌ను తినేసి, తరువాతి ముద్ద కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అంటే మన తొట్టిలో సాధారణంగా మొదట కరువయ్యేది కార్బన్. వెలుతురు పెంచినంత మాత్రాన ఆ కరువు తీరదు. వాడుకోలేని ఆ వెలుతురును పాచి వాడుకుంటుంది.

ఇక్కడే మన బోరు నీళ్ళు అక్కరకొస్తాయి. బకెట్ల అంచున తెల్లని చార కట్టే నీరు మీలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది. దాన్ని కఠినజలం అంటూ తిట్టుకుంటాం. ఆ నీటిలో బైకార్బనేట్ లీటరుకు వందల మిల్లీగ్రాములు ఉండవచ్చు. బైకార్బనేట్ కూడా కార్బనే, కాకపోతే అందరూ తినలేని రూపంలో ఉంది. నాచుజాతి మొక్కలు దాన్ని వాడుకోలేవు. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం వాడుకోగలవు. హైడ్రిల్లా మరొక అడుగు ముందుకు వేస్తుంది. నీరు వేడెక్కి, కార్బన్ డయాక్సైడ్ తగ్గినప్పుడు అది సి-4 మార్గానికి మారుతుంది. మొక్కజొన్నలో ఆ పనికి రెండు రకాల కణాలు కావాలని మీరు చదువుకున్నారు. హైడ్రిల్లా ఆ పని ఒక్క కణంలోనే ముగిస్తుంది. చెరువుల్లో తొక్కుకుంటూ పోయే మొక్కకు ఇంత విద్య తెలుసునని నేను కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను.

దీన్ని మీరే చూడవచ్చు. రెండు గాజు జాడీల్లో ఒకే బోరు నీరు పోయండి. ఒకదానిలో నాలుగైదు హైడ్రిల్లా కొమ్మలు వేయండి, రెండోది ఖాళీగా ఉంచండి. ఉదయం ఎనిమిదింటికి పీహెచ్ కాగితంతో రెండూ పరీక్షించి ఎండలో పెట్టండి. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ చూడండి. మొక్క ఉన్న జాడీలో పీహెచ్ 9 దాటడం మా ప్రయోగశాలలో చాలాసార్లు చూశాం. చాలా రోజులు ఎండలో పెరిగిన ఆకులమీద తెల్లని పొడి పేరుకుంటే, దానిమీద ఒక చుక్క వెనిగర్ వేయండి. సన్నని బుడగలు వస్తే అది కాల్షియం కార్బనేట్. బైకార్బనేట్ వాడుకున్న మొక్క వదిలిన గుర్తు అది.

పీహెచ్ సంగతి చేపలకు కూడా ముఖ్యమే. చేపల విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది. నీటి క్షారత పెరిగిన కొద్దీ అందులో విషపూరితమైన భాగం పెరుగుతుంది. వేగంగా పెరిగే మొక్కలు దాన్ని నేరుగా పీల్చుకుంటాయి. కొత్త తొట్టిలో మంచి బాక్టీరియా ఇంకా స్థిరపడని తొలి వారాల్లో ఇది చాలా విలువైన సాయం. కనుక నా సలహా, మొదట గడ్డిలాంటి వాలిస్నేరియాను, వేళ్ళే లేకుండా తేలుతూ పెరిగే సెరటోఫిల్లంను ఎక్కువగా వేయండి. బ్రాహ్మి అనే పేరుతో మీరు విన్న బకోపా కాడలను కూడా ఒక మూల గుచ్చవచ్చు. అది మన గట్లమీద పెరిగే మొక్కే. మునిగి బతకడం నేర్చుకోవడానికి కొంచెం వ్యవధి తీసుకుంటుంది.

వాలిస్నేరియా గురించి ఒక చిన్న ముచ్చట. ఇంటర్మీడియట్ విద్యార్థులు దీన్ని జలపరాగ సంపర్కం పాఠంలో చదివి ఉంటారు. మగపూలు తెగి పైకి తేలతాయి, ఆడపువ్వు పొడవైన కాడతో పైకి వస్తుంది, తరువాత ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుని కిందికి లాగుతుంది. మీ తొట్టిలో ఆ దృశ్యం కోసం ఎదురుచూసి నిరాశపడవద్దు. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఒక్క మొక్క నుంచి పిలకలుగా వచ్చినవన్నీ ఒకే లింగానికి చెందినవి. మా తొట్టిలో ఇప్పటికీ ఆడపూలే పూస్తున్నాయి.

నెమ్మదిగా పెరిగే జాతి మొక్కలు ఇంకొక తీరు. అనూబియాస్ పశ్చిమ ఆఫ్రికాది, జావా ఫెర్న్ ఆగ్నేయాసియాది. తక్కువ వెలుతురుతో, తక్కువ కార్బన్‌తో సరిపెట్టుకుంటాయి. వీటి కొమ్మును ఇసుకలో పూడ్చవద్దు, కుళ్ళిపోతుంది. రాయికి దారంతో కట్టండి. శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టీ అనే మొక్కను నాటిన వారంలో ఆకులన్నీ కరిగిపోయి కంగారు పెడుతుంది. వేరును పీకేయకుండా, కరిగిన ఆకులు మాత్రం తీసేస్తే మళ్ళీ చిగురిస్తుంది. ఇవి అమ్మోనియాను తీయడంలో మాత్రం పెద్దగా ఉపయోగపడవు. వీటితోనే తొట్టి నింపి, చేపలు ఎక్కువ వేస్తే చిక్కే.

దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ తగలకుండా చూడండి. విదేశీ పుస్తకాలు మొక్కలకు 22 నుంచి 26 డిగ్రీల నీరు కావాలంటాయి. మన వేసవిలో తొట్టి నీరు 30 దాటుతుంది. ఆ వేడిని హైడ్రిల్లా, వాలిస్నేరియా తట్టుకుంటాయి. అయితే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములైతే, 30 దగ్గర 7.5 మాత్రమే. వెలుతురులో మాత్రమే మొక్క ఆక్సిజన్ వదులుతుందని, చీకట్లో దాని ప్రభావం తలకిందులవుతుందని 1779లోనే యాన్ ఇంగెన్‌హౌస్ చూపించాడు. రాత్రంతా మొక్కలు, చేపలు, కుళ్ళిన ఆకును తినే బాక్టీరియా అన్నీ ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తెల్లవారుజామున అది అట్టడుగుకు చేరుతుంది. నా చేపలు ఉదయం ఏడింటికి ఎందుకు నోళ్ళు తెరిచాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వేసవి రాత్రుళ్ళు చిన్న గాలి పంపు నడపండి, పసుపు పడిన ఆకును ఆరోజే తీసేయండి.

చెరువు నుంచి మొక్క తెచ్చుకునేవారు దాన్ని ఒక వారం రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి చూడండి. తూనీగ పిల్లపురుగులు వస్తే అవి చేపపిల్లలను తినేస్తాయి. దీనికంటే జాగ్రత్త అవసరమైనది ఎదురు దిశలో ప్రయాణం, అంటే తొట్టిలోంచి చెరువులోకి. మన హైడ్రిల్లా 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడా చేరింది. 1960 నాటికి అక్కడి సహజ జలాల్లో కనబడింది. తరువాత దాన్ని అదుపు చేయడం అక్కడ ఏళ్ళ తరబడి పెద్ద పనైంది. మన దగ్గర గుర్రపుడెక్క చేసిన పని మీకు చెప్పనక్కరలేదు. 2020లో కేరళలోని కోళికోడ్ జిల్లా ఆవళ పాండి దగ్గర ఒక కాలువ నిండా గులాబీరంగు పూలు పూస్తే జనం తండోపతండాలుగా చూడడానికి వెళ్ళారు. ఆ మొక్క కబోంబా, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అక్వేరియంలలో పెంచే జాతి. దాన్ని ఇళ్ళకు తీసుకెళ్ళి వేరే నీళ్ళలో వేయవద్దని నిపుణులు చెప్పవలసి వచ్చింది. ఇలాంటి మొక్కకు విత్తనం అక్కరలేదు, ఒక కణుపు ఉన్న ముక్క చాలు.

అందుకే కత్తిరించిన ముక్కలను కాలువలో గాని మురుగు తూములో గాని వేయకండి. పాత కాగితం మీద పరిచి, పెళపెళలాడేదాకా ఎండలో ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి. మూడు రోజుల క్రితం ఈ కుడి తొట్టిలోంచి తీసిన దోసెడు హైడ్రిల్లా మా డాబా మీద ఎండుతోంది. ఈ సాయంత్రం అది కనకాంబరం కుండీలోకి వెళుతుంది.