థైరాయిడ్‌కు రేడియో అయోడిన్: గుళిక మింగాక మిగిలే పని



థైరాయిడ్ ఎక్కువైందని, డాక్టర్ రేడియో అయోడిన్ రాశారని సాయం కోరి వచ్చేవారికి ఒక్కసారి డబ్బిచ్చి ఊరుకుంటే సరిపోదని మేము అంటున్నాం. ఎందుకో చెబుతాం.

మెడ ముందుండే థైరాయిడ్ గ్రంథి తిండిలోని అయోడిన్‌ను పీల్చుకుని హార్మోను తయారుచేస్తుంది. అయోడిన్-131 ఇచ్చినా అలాగే పీల్చుకుంటుంది. దాని బీటా కిరణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటిపోవు గనుక దెబ్బ అక్కడి కణాలకే తగులుతుంది. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టర్ రేడియో అయోడిన్‌ను చికిత్సకు మొదట వాడారు. కోత లేదు, కుట్టు లేదు.

అయితే థైరాయిడ్ ఎక్కువవడానికి కారణాలు వేరువేరు. గ్రేవ్స్ జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మొత్తాన్ని ఉసిగొల్పుతుంది. మందు కూడా గ్రంథి అంతటా పనిచేస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో హార్మోను తగ్గిపోయి, జీవితాంతం థైరాక్సిన్ మాత్ర అవసరమవుతుంది. డాక్టర్లు ముందే ఆశించే ఫలితం ఇది. కళ్లు ముందుకు పొడుచుకొచ్చినవారికి, అందులోనూ బీడీ సిగరెట్లు మాననివారికి, కంటి బాధ పెరగొచ్చు. ముందే కళ్లు చూపించుకోవాలి. ఒకే గడ్డ అతిగా పనిచేస్తుంటే మిగతా గ్రంథి అణిగి ఉండి అయోడిన్‌ను అంతగా తీసుకోదు, అందుకే చాలావరకు నిలుస్తుంది. కాన్పు తర్వాత గ్రంథి వాచి హార్మోను పెరిగిన తల్లికి ఈ మందు పనికేరాదు. నిల్వ హార్మోను కారడమే అక్కడి జబ్బు. అది కొన్ని వారాలు, నెలల్లో దానంతటదే తగ్గుతుంది. దరఖాస్తుతో స్కాన్ కాగితం అడుగుతున్నది ఇందుకే.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది ఇవ్వరు. తీసుకున్నాక ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇక పిల్లలే పుట్టరని ఇళ్లలో చెప్పుకునే మాట మాత్రం తప్పు. కొన్నాళ్లు పసివాళ్లను ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు. ఒకే గదిలో అందరూ పడుకునే ఇంట్లో అది ఎలా సాధ్యం? ఆ రోజులకు వేరే గది చూపించడం కూడా సాయమే.

గుళిక ఖర్చు చాలామందికి ఒక్కసారిదే. టీఎస్‌హెచ్ పరీక్షలు, రోజూ మాత్ర ఏళ్ల తరబడివి. మాత్ర చవకే, కానీ బాగైందని మానేస్తే నీరసం, ఒంటి వాపు మొదలవుతాయి. రంజాన్‌లో పరగడుపు మాత్ర ఎలాగని అడుగుతుంటారు. సహరీకి అరగంట ముందు గానీ, ఇఫ్తార్ భోజనమైన మూడు గంటలకు గానీ వేసుకునే వీలుంది. డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఈ ఏడు మీరిచ్చే దానిలో కొంత ఈ పరీక్షలకూ మాత్రలకూ విడిగా కేటాయించమని కోరుతున్నాం.