దేనిలో శాతం?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేం చదువుకునే రోజుల్లో బడి మీదుగా విమానం పోతే క్లాసు క్లాసంతా బయటికి పరుగెత్తేది. ఇవాళ ఈ పందిట్లో ఉన్నవాళ్లలో చాలామంది విమానం దిగి వచ్చినవాళ్లే. నేనూ మొన్ననే డాలస్ నుంచి వచ్చాను. అమ్మ ఇక్కడే ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు వస్తుంటాను. విమానాల ఇంధనం లెక్కలు చూడడమే నా ఉద్యోగం. అందుకే కమిటీవారు మాట్లాడమంటే ఈ విషయం ఎంచుకున్నాను.

మన లెక్కల మాస్టారు శాతం రాసి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు. "దేనిలో శాతంరా?" అని నిలబెట్టి అడిగేవారు. ఆ ప్రశ్న విమానాలకూ వేద్దాం.

ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా సుమారు 2.5 శాతం. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఏ ఏడాది తీసుకున్నా ప్రపంచ జనాభాలో ఎక్కువమంది అసలు విమానమే ఎక్కరు. ఆ 2.5 శాతం కొద్దిమంది వల్ల వచ్చేది. కిలో ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కలిసి బరువు పెరుగుతుందని సైన్సు టీచరుగారు చెప్పిందే. ఆ లెక్కన నేను డాలస్ నుంచి ఒకసారి వచ్చి వెళ్లేసరికి నా సీటు వంతు రెండు టన్నుల పైమాటే. మన దేశంలో సగటు మనిషికి ఏడాది మొత్తానికి వచ్చేది సుమారు రెండు టన్నులు.

ఇంజన్లు మెరుగయ్యాయి కదా అంటారు. నిజమే. 1990 నుంచి 2019 దాకా చూస్తే, ఒక ప్రయాణికుణ్ణి ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి పట్టే ఇంధనం సగానికి తగ్గింది. కానీ ప్రయాణాలు నాలుగింతలయ్యాయి. మొత్తం ఉద్గారాలు రెండింతలయ్యాయి. అంటే ఇంజనీర్ల పనితనం ఒక్కటే చాలదు, విధానాలు కావాలి.

ఆ విధానాల కథ 1944లో షికాగో ఒప్పందంతో మొదలవుతుంది. ఒక దేశపు విమానం ట్యాంకులో తెచ్చుకున్న ఇంధనం మీద మరో దేశం సుంకం వేయకూడదని అందులో రాసుకున్నారు. తర్వాత దేశాల మధ్య కుదిరిన ఒప్పందాలు ఆ మినహాయింపును ఇంకా పెంచాయి. ఆటో అబ్బాయి పోయించుకునే డీజిల్ మీద పన్ను ఉంది. దేశాలు దాటే విమానం ఇంధనం మీద చాలాచోట్ల లేదు.

2016లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కోర్సియా అనే పథకం తెచ్చింది. 2019 ఉద్గారాల్లో 85 శాతం దాటిన భాగానికి విమాన సంస్థలు మరెక్కడో కార్బన్ తగ్గించే పథకాల క్రెడిట్లు కొనాలి. మన దేశం 2027 నుంచి చేరుతోంది. మళ్లీ మాస్టారి ప్రశ్నే. ఆ 85 శాతం లోపలిది ఎవరి ఖాతాలో వేస్తారు? దేశంలోపల తిరిగే విమానాలు ఈ లెక్కలోకే రావు. క్రెడిట్ కింద నాటిన చెట్టు ఎండిపోతే ఎవరు చూస్తారు?

యూరప్ మరో దారి పట్టింది. విమాన ఇంధనంలో 2025లో 2 శాతం, 2030కి 6 శాతం, 2050కి 70 శాతం శిలాజేతర ఇంధనం కలపాలని చట్టం చేసింది. మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం లక్ష్యం పెట్టుకుంది. 2018లో అడవి ఆముదం నూనెతో చేసిన ఇంధనం కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం నడిపారు కూడా. వాడేసిన వంటనూనెతో, పంట వ్యర్థాలతో చేస్తే మంచిదే. తిండి పండే పొలంలో విమానం మేత పండించడం మాత్రం మనకొద్దు. పైగా ఈ ఇంధనం ఖరీదు మామూలు దానికి రెండు మూడు రెట్లు.

ఆ ఖరీదు ఎవరు భరించాలి? నా మనసులో మాట చెబుతాను. టికెట్‌కు ఇంత అని అందరి మీదా ఒకే పన్ను వేస్తే అన్యాయం. మన జిల్లాల నుంచి అప్పు చేసి గల్ఫ్‌కు పోయి, రెండేళ్లకోసారి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే కూలీ ఉన్నాడు. నెలకు నాలుగుసార్లు మీటింగులకు ఎగిరే అధికారి ఉన్నాడు. ఏడాదిలో మొదటి ప్రయాణానికి ఏమీ లేకుండా, ఆ తర్వాత ప్రతి ప్రయాణానికీ పెరిగే పన్ను న్యాయం. అది అమల్లోకి వస్తే నా జేబుకే చిల్లు. అయినా అదే సరైనది.

నేను రావడం మానను. అమ్మను చూడకుండా ఉండలేను. కానీ ఈ ఏడాది నుంచి రెండుసార్లు పదేసి రోజులకు బదులు ఒక్కసారే వచ్చి నెల రోజులు ఉంటాను. అమ్మకు అదే ఇష్టం. హైదరాబాద్ నుంచి ఊరికి రైల్లోనే వస్తాను. మన సంఘం కమిటీ సమావేశాలు కూడా వీడియోలోనే పెట్టుకుందామని నా మనవి.

మాస్టారు ముందు వరుసలోనే కూర్చున్నారు. లెక్క తప్పితే ఎర్ర సిరాతో కొట్టేయండి మాస్టారూ, మళ్లీ చేసి చూపిస్తాను.