పాతచీరకు క్రొత్త బ్రదుకు

తెలుగులో ‘పొత్తిళ్ళు’ అనే మాట ఒకటి ఉన్నది. అప్పుడే పుట్టిన శిశువును చుట్టే మెత్తని గుడ్డలకు ఆ పేరు. సాధారణంగా అవి అంగడినుండి తెచ్చిన క్రొత్తగుడ్డలు కావు. అమ్మమ్మయో నాయనమ్మయో ఏండ్ల తరబడి కట్టి, ఉతికి, ఆరవేయగా వెన్నవలె మెత్తబడిన నూలుచీరల ముక్కలు. క్రొత్తబట్టలోని గంజి, గరుకుదనం పసిమేనికి ఓపరానివని మన పెద్దలు ఎరుగుదురు. కనుక ఈ లోకంలోకి వచ్చిన మనిషికి మన ఇండ్లలో దొరికే మొట్టమొదటి వస్త్రం పాతదే. పాతదనాన్ని లోపంగా గాక గుణంగా ఎంచిన సంసారపు తెలివి అది. ఆ తెలివి నేడు ఎంతవరకు నిలిచి ఉన్నది, దానిని నిలుపుకోవలెనంటే ఏమి చేయవలె అన్న విషయాన్ని శ్రోతల ముందు ఉంచదలచినాము.

ఒక నూలుచీర జీవితాన్ని పరిశీలిద్దాము. నడుమ చినిగితే, చినిగినంత మేర తీసివేసి, మిగిలిన రెండు భాగాలను కలిపి కుట్టి మరికొంత కాలం కట్టేవారు. అంచు గట్టిగా ఉండి నడిమి భాగం పలుచబడితే, అంచును విప్పి వేరొక గుడ్డకు అతికేవారు. ఆపైన ఆ చీర ఇంటి ఆడపిల్లకు పరికిణీ అయ్యేది. పరికిణీ అడుగున రెండు మూడు మడతలు వేసి కుట్టి, పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కొక్క మడతనే విప్పేవారు. తరువాత అది దిండుగలీబు, ఆ తరువాత బొంతలో ఒక పొర. చిన్న ముక్కలు వంటింటిలో మసిగుడ్డలయ్యేవి. చిట్టచివరకు మిగిలిన పీలిక ఆముదపు దీపంలో వత్తియై వెలిగి బూడిద అయ్యేది. ఆ చీరకు సంబంధించినది ఏదీ పెంటకుప్ప మీదికి చేరేది కాదు.

ఈ వరుసలో మిక్కిలి నేర్పుతో కూడినది బొంత. నాలుగైదు పాతచీరలను, పంచెలను ఒకదానిపై ఒకటి పరచి, ముడుతలు లేకుండ సాపుచేసి, అంచులు లోపలికి మడచి, లావుసూదితో ఈ కొసనుండి ఆ కొసకు వరుసలు వరుసలుగా కుడతారు. విడిగా చూస్తే ప్రతి పొరా చేతితో లాగితే చినిగేదే. కుట్లు వాటిని కలిపి పట్టుకొన్నప్పుడు కొన్ని శీతకాలాలకు సరిపడే పక్కబట్ట అవుతుంది. పొరల నడుమ నిలిచిన గాలి వంటివేడిని బయటికి పోనీయదు. బొంత వెచ్చదనానికి ఇదే కారణం.

ఈ విద్య మనకు మాత్రమే సొంతమని తలపరాదు. వంగదేశపు స్త్రీలు ఇదే విధంగా పాతచీరలను పొరలుగా పేర్చి ‘కాంథా’ కుడతారు. ఆ కుట్టుకు కావలసిన రంగుదారాలను సైతం పాతచీరల అంచులనుండియే లాగి తీసేవారు. జపాను ఉత్తరభాగంలో చలి మిక్కుటమగుటచేత ప్రత్తి పండేది కాదు. పడమటి ప్రాంతాలనుండి ఓడలలో వచ్చిన పాత నూలుగుడ్డలను కొని, అక్కడి రైతులు తమ జనుపబట్టలపై మాసికపై మాసిక వేసుకొనేవారు. ‘బోరో’ అని పేరొందిన ఆ అతుకులబట్టలను నేడు ప్రదర్శనశాలలలో భద్రపరచినారు.

అయితే గడచిన కాలాన్ని ఊరక పొగడుట మా ఉద్దేశం కాదు. ఆ పొదుపు వెనుక లేమి ఉన్నది. చాలని దీపపు వెలుతురులో సూదిలోకి దారం ఎక్కించిన స్త్రీల కంటిచూపు ఉన్నది. ఆ లేమి తిరిగి రావలెనని ఎవరూ కోరరు. లేమి నేర్పిన నేర్పు మాత్రం లేమితోపాటు పోనవసరం లేదు.

చీరకు అన్ని అవతారాలు సాధ్యం కావడానికి కారణాలు రెండు. మొదటిది, చీరయు పంచెయు కత్తెర పడని వస్త్రాలు. ఆరు గజాల గుడ్డ ఆరు గజాలుగానే ఉంటుంది కనుక దానిని ఏ రూపానికైనా మార్చవచ్చును. రెండవది, అది అచ్చమైన నూలు. వాడినకొద్దీ మెత్తబడుతుంది, తడి పీలుస్తుంది, మట్టిలో మట్టి అవుతుంది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సన్ అనే రసాయనశాస్త్రజ్ఞులు పాలియెస్టరు పోగును కనుగొన్నారు. అది ముడుత పడదు, త్వరగా ఆరుతుంది, చవుకగా దొరుకుతుంది. ఈ సుగుణాలను కాదనలేము. కాని అది చెమటను పీల్చదు, ప్రత్తివలె మట్టిలో కలియదు. ప్రత్తితో కలిపి నేసినప్పుడు ఆ రెండింటిని మరల విడదీయడం మిక్కిలి కష్టం. అటువంటి చీర పాతబడితే పొత్తిగుడ్డకు పనికిరాదు, వత్తికి అసలే పనికిరాదు.

యంత్రాలున్నవి గదా అని కొందరు అనవచ్చును. 1813లో ఇంగ్లండులోని యార్క్‌షైరులో, బాట్లీ పట్టణంలో, బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్నిబట్టలను చీల్చి పీచుగా మార్చి తిరిగి నేసే పద్ధతిని కనిపెట్టినాడు. మన దేశంలో ఆ పనికి పేరొందినది హర్యానాలోని పానిపట్టు. విదేశాలలో విడిచిన బట్టలు అక్కడికి మూటలుగా వస్తాయి. బొత్తాములు ఊడదీసి, రంగులవారీగా వేరుచేసి, యంత్రాలతో చీల్చి, ఆ పీచును వడకి కంబళ్ళు నేస్తారు. రంగులు ముందే వేరుచేయుటచేత తిరిగి అద్దవలసిన పని చాలవరకు ఉండదు. ఇది మెచ్చదగిన పరిశ్రమయే. కాని చీల్చినప్పుడెల్ల పోగు పొట్టిదవుతుంది, నూలు బలం తగ్గుతుంది. యంత్రం గుడ్డను పీచు చేస్తుంది, సూది గుడ్డను గుడ్డగానే ఉంచుతుంది. కనుక సూదితో తీరే పనిని యంత్రానికి అప్పగింపరాదు.

ఇక దానం మాట. బీరువా నిండినప్పుడు పాతబట్టలు మూటగట్టి ఎవరికో ఇచ్చివేస్తే పుణ్యమని మనం తలుస్తాము. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలలనుండి బట్టలు వెల్లువగా వచ్చినవి. చినిగినవి, మాసినవి, అక్కడివారు కట్టుకొనే అలవాటు లేనివి రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడి ఉండినవి. సర్వం కోల్పోయినవారికి సైతం అభిమానం మిగిలి ఉంటుందని ఇచ్చేవారు మరచినారు. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో స్థాపించిన ‘గూంజ్’ సంస్థ దీనికి వేరొక మార్గం చూపినది. పల్లెప్రజలు తమ ఊరికై బావి త్రవ్వుకొన్నా, బాట వేసుకొన్నా, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు అందజేస్తుంది. కట్టుకొనుటకు పనికిరాని నూలుగుడ్డలను శుభ్రపరచి, స్త్రీలకు నెలసరి గుడ్డలుగా తయారు చేయిస్తుంది. గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించినది. ఉతికి, కుట్లు సరిచేసి, బొత్తాములు వేసి ఇచ్చినదే దానం. అట్లుగాక ఇచ్చినది మన చెత్తను ఇతరుల ఇంటికి చేర్చడమే.

శ్రోతలు ఇండ్లలో పరీక్షించి చూడదగిన విషయం ఒకటి చెబుతాము. ఏ గుడ్డ ఏ పోగుతో నేసినదో తెలియనప్పుడు ఒక్క దారపుపోగు లాగి, పట్టకారుతో పట్టుకొని, నీటిపళ్ళెం మీద అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలుతుంది. పట్టుగాని ఉన్నిగాని అయితే వెండ్రుక కాలిన వాసన వస్తుంది. పాలియెస్టరు ముడుచుకొని, కరిగి, గట్టి పూసగా మారుతుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే అది కలనేత. కరిగే గుడ్డను మసిగుడ్డగా వాడరాదు. వేడిగిన్నె పట్టినప్పుడు అది చేతికి అంటుకొని చర్మాన్ని కాల్చగలదు.

బట్ట రెండవ బ్రదుకు దానిని కొన్ననాడే నిర్ణయమవుతుందని మా అభిప్రాయం. కొనేటప్పుడు పోగు ఏదో అడిగి తెలుసుకోండి. పిల్లల బట్టలు కుట్టించేటప్పుడు లోపల మడత ఎక్కువగా విడువుమని దర్జీకి చెప్పండి. మిగిలిన గుడ్డముక్కలను అడిగి తెచ్చుకొని దాచండి. రేపు మాసికకు అదే రంగు దొరకదు. మంచిబట్టకు చిన్న చిల్లు పడితే, అదే బట్ట లోపలి మడతనుండి పోగు తీసి రఫూ చేసేవారు హైదరాబాదు వంటి నగరాలలో ఇంకను ఉన్నారు. వారికి పని ఉన్నంతకాలమే ఆ విద్య ఉంటుంది. మీ ఇంటిలో బొంత కుట్టగల పెద్దవారు ఉంటే, ఈ సెలవులలో పాతచీరలు నాలుగు వారి ముందు పరచి, పిల్లలచేత మొదటి వరుస కుట్టించండి. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. సూది పట్టడం ఒక్క ఆడపిల్లల పనియే అయినందుననే ఆ పని బరువు ఇన్నాళ్ళు ఇంటిలో ఎవరికీ కనిపించలేదు.