చదును పాదాలు – సరైన చెప్పులు

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది మీవారి మంచం పక్కన రాత్రీ పగలూ నిలబడి సేవ చేస్తున్నారు. ఆ బరువంతా మోసే పాదాల గురించి ఈ రోజు కాసేపు మాట్లాడుకుందాం. మన ప్రభువు తన శిష్యుల పాదాలను తానే కడిగాడని యోహాను సువార్త 13వ అధ్యాయంలో చదువుతాం. ఆయన చిన్నచూపు చూడని పాదాలను మనమూ నిర్లక్ష్యం చేయకూడదు.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. లిగమెంట్లు అనే గట్టి పట్టీలు, టెండన్లు అనే కండరాల తాళ్లు వాటిని పట్టి ఉంచుతాయి. అరికాలి లోపలి పక్కన విల్లులాంటి వంపు ఉంటుంది. నడిచేటప్పుడు పడే బరువును, కుదుపును అది పంచుకుంటుంది. నిలబడినప్పుడు ఈ వంపు నేలకు ఆనిపోతే దానిని చదును పాదం, అంటే ఫ్లాట్ ఫుట్ అంటాం.

దీనిని ఇంట్లోనే చూసుకోవచ్చు. కాలు తడిపి పొడి గచ్చు మీద నిలబడండి. ముద్రలో లోపలి పక్క ఖాళీ కనబడితే వంపు ఉన్నట్లు. అరికాలు మొత్తం నిండుగా పడితే పాదం చదునుగా ఉన్నట్లు. తరువాత మునివేళ్ల మీద లేచి నిలబడండి. అప్పుడు వంపు పైకి లేచి, మడమ కొంచెం లోపలికి తిరిగితే అది వంగే గుణం ఉన్న చదును పాదం. నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కరలేదు. వంపు లేవకుండా పాదం బిగుసుకుని ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు పిల్లల సంగతి. పసిపిల్లల పాదాలు అన్నీ చదునుగానే కనబడతాయి. అరికాలిలో కొవ్వు ఉంటుంది, కీళ్లు మెత్తగా ఉంటాయి. చాలామంది పిల్లలకు ఆరేళ్ల నుండి పదేళ్ల లోపు వంపు దానంతట అదే ఏర్పడుతుంది. తల్లులు కంగారుపడి ఖరీదైన ప్రత్యేక బూట్లు కొనిపెడుతుంటారు. ఆ బూట్లు మూడేళ్లు తొడిగినా వంగే చదును పాదంలో తేడా రాలేదని అమెరికాలో చేసి 1989లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. మన పొరుగున కర్ణాటకలో వైద్యులు 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో నూటికి 8.6 మందికి, వాడని వారిలో నూటికి 2.8 మందికి చదును పాదాలు కనబడ్డాయి. ముందు భాగం మూసి ఉండే బూట్లు వేసుకునే వారిలో ఎక్కువ. కాబట్టి శుభ్రమైన ఇంట్లో, వాకిట్లో పిల్లలను వట్టి కాళ్లతో ఆడుకోనివ్వండి. బయట మురికి, ముళ్లు, కొంకి పురుగుల భయం ఉన్నచోట మాత్రం చెప్పులు ఉండాలి.

చదును పాదాల ఆడపిల్ల ఇంటికి అచ్చిరాదని కొన్ని ఇళ్లలో అంటూ ఉంటారు. అది కేవలం మూఢనమ్మకం. పాదం ఆకారానికి, ఇంటి మేలుకు ఏ సంబంధమూ లేదు. అలాగే సైన్యం ఎంపికలో పాదాలు కూడా చూస్తారు గనుక, కొన్ని రోజుల్లో వంపు తెప్పిస్తామని చెప్పేవారికి అప్పు చేసి డబ్బు కట్టకండి.

పెద్దవారిలో కొత్తగా పాదం చదునైతే సంగతి వేరు. చీలమండ లోపలి పక్కగా వచ్చి వంపును పట్టి ఉంచే ఒక టెండన్ బలహీనపడితే వంపు కుంగిపోతుంది. నలభై దాటిన స్త్రీలలో, బరువు ఎక్కువగా ఉన్నవారిలో, షుగరు, బి.పి. ఉన్నవారిలో ఇది ఎక్కువ. చీలమండ లోపలి పక్క నొప్పి, వాపు, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోవడం దీని గుర్తులు. మొదట్లోనే వస్తే సరైన చెప్పులు, లోపల పెట్టే మెత్తలు, వ్యాయామాలతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మీ ఇంట్లో షుగరు ఉన్నవారి పాదం ఒకటి ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండవ పాదం కంటే వేడిగా ఉంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు విరిగి కుంగిపోతున్నా నొప్పి తెలియకపోవచ్చు. దీనిని షార్కో పాదం అంటారు. ఆ కాలు మీద బరువు మోపనీయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. తొందరగా కట్టు వేసి విశ్రాంతి ఇస్తే పాదం ఆకారం నిలుస్తుంది. ఆలస్యమైతే పుండ్లు పడి, చివరకు కాలు తీయవలసి రావచ్చు. వంగి చూసుకోలేని పెద్దల పాదాలను రోజూ సాయంత్రం మీరే చూడండి.

ఇక చెప్పులు ఎలా ఎంచుకోవాలి? పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి గనుక సాయంత్రమే కొనండి. రెండు కాళ్లకూ తొడిగి, నిలబడి, నాలుగు అడుగులు నడిచి చూడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమను పట్టి ఉంచే గట్టి వెనుక భాగం గాని, వెనుక పట్టీ గాని ఉండాలి. చెప్పును చేతితో వంచితే వేళ్ల దగ్గర మాత్రమే వంగాలి, మధ్యలో మడత పడకూడదు, గుడ్డ పిండినట్లు మెలి తిరగకూడదు. పలుచని హవాయి చెప్పులు, ఎత్తు మడమలు నొప్పి ఉన్నవారికి మంచివి కావు. ముసలివారు కొలతకు రాలేకపోతే, వారిని కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ గీత గీసి దుకాణానికి తీసుకువెళ్లండి. చెప్పు ఆ గీత కంటే ఇరుకుగా ఉంటే కొనకండి.

స్పర్శ తగ్గినవారికి ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు కావాలి. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ వంటి వైద్యులు కుష్ఠువ్యాధిగ్రస్తుల పాదాలను కాపాడటానికి ఇలాంటి చెప్పుల కోసం కృషి చేశారు. ఆ మేలు నేడు షుగరు రోగులకూ అందుతోంది. కొత్త చెప్పులు మొదట రోజుకు ఒక గంట మాత్రమే వేయించి, తీశాక ఎర్రని మచ్చలు ఉన్నాయేమో చూడండి.

పుండ్లు, వాపు లేనివారు చిన్న వ్యాయామాలు చేయవచ్చు. గోడకు చేతులు ఆన్చి, ఒక కాలు వెనక్కు పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్కను సాగదీయండి. కింద పరిచిన గుడ్డను కాలివేళ్లతో దగ్గరకు లాగండి. రోజుకు పది నిమిషాలు చాలు.

ఈ రాత్రి పడుకునే ముందు మీవారి పాదాలు ఒకసారి చేతితో తాకి చూడండి. సందేహం ఉంటే సిస్టరుకు గాని, డాక్టరుకు గాని చెప్పండి. దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించును గాక.